పొరుగింటి తోడు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. మీరు కూడా నాన్నగారిని విసిగించకుండా వేళకు అన్నం తింటూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నిన్న ఫోనులో చిన్ని ఒక ప్రశ్న అడిగింది. "అమ్మ కాలేజీలో మేడమ్ కదా తాతయ్యా, మరి మేడమ్‌లకు కూడా బడి ఉంటుందా? నాలుగు రోజులు ఎందుకు వెళ్లింది?" అన్నది. "వచ్చాక అమ్మనే అడుగు" అని అప్పటికి తప్పించుకున్నాను గానీ, ఆ తర్వాత మనసు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు సైకాలజీ పాఠం చెప్పినవాణ్ణి నేనే జవాబివ్వకపోతే ఎలా అని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ అమ్మ వెళ్లింది సైకాలజీ అధ్యాపకుల సదస్సుకు. పాఠాలు చెప్పేవారు, పరిశోధన చేసేవారు, ఇంకా చదువుకుంటున్న విద్యార్థులు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి, ఏడాది పొడుగునా తాము చేసినదీ, చూసినదీ అక్కడ ఒకరికొకరు చెప్పుకుంటారు. అది ఎందుకు అవసరమో తెలియాలంటే మన వంటింట్లో పెరుగు గిన్నె దగ్గరికి రావాలి.

కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు నిన్నటి పెరుగు ఒక చెంచా వేసి కలిపితే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు అవుతుందని మీకు తెలుసు. ఆ చెంచాడు పెరుగే తోడు. నిన్నటిది ఈరోజుకు, ఈరోజుది రేపటికి తోడవుతూ ఒక ఇంటి పెరుగు ఏళ్ల తరబడి ఆ ఇంటి తోడుతోనే నడిచిపోతుంది. అయితే ఒక్కోసారి ఎక్కడో తేడా వచ్చి పెరుగు తీగలు సాగుతుంది. మర్నాటి పాలలో అదే వేస్తే మళ్లీ తీగలే వస్తాయి. పాలు ఎంత చిక్కనివైనా లాభం ఉండదు.

నా తొమ్మిదో ఏట, ఒక వానాకాలంలో, మా ఇంట్లో పది రోజులు వరుసగా ఇదే జరిగింది. మా అమ్మ ముందు గేదెను అనుమానించి మేత మార్చింది, తర్వాత గిన్నెను అనుమానించి తోమి తోమి ఎండలో పెట్టింది. చివరకు మా నాయనమ్మ, "గేదెదీ తప్పు కాదు, గిన్నెదీ తప్పు కాదు, తోడుదే తప్పు. వీధి చివరి ఇంటికి వెళ్లి తోడు పట్టుకురా నాయనా" అని నా చేతిలో చిన్న పింగాణీ గిన్నె పెట్టింది. అప్పటికే పొద్దు వాలింది. దీపాలు పెట్టాక పెరుగు గడప దాటించకూడదని మా వైపు పట్టింపు ఉండేది. ఆ ఇంటి పెద్దమ్మ లాంతరు వెలిగించబోతూ గుమ్మంలో నన్ను చూసి ఆగింది. ముందు నా గిన్నెలో తోడు వేసి, నేను గడప దాటిన తర్వాతనే అగ్గిపుల్ల గీసింది. మర్నాడు మా ఇంట్లో కత్తితో కోసినట్టు గట్టి పెరుగు. ఆమె గిన్నెలో తరిగింది ఒక్క చెంచాడే. రెండు నెలలు తిరగకముందే ఆమె మనవరాలు అదే పనిమీద గిన్నె పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

పాఠం చెప్పేవారి తెలివి కూడా ఇలా ఇంటి తోడుతో నడిచేదే. చదువుకున్న రోజుల్లో రాసుకున్న నోట్సులోంచి మొదటి ఏడు పాఠం చెబుతాము, ఆ పాఠంలోంచి రెండో ఏడు పాఠం తయారవుతుంది. మధ్యలో తీగలు సాగడం మొదలైతే చెప్పేవారికి తెలియదు, పాపం వినే పిల్లలకు అసలే తెలియదు.

నా సంగతే చెబుతాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి పిల్లల బడిలో 1960ల చివర వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష మొదలుపెట్టారు. నాలుగైదేళ్ల పిల్లల ముందు ఒక మిఠాయి ఉంచి, "నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తాను" అని చెప్పి గదిలోంచి వెళ్లిపోవడమే ఆ పరీక్ష. ఎక్కువసేపు ఆగగలిగినవారు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాత వ్యాసాలు వచ్చాయి. నేను ఏటా ఈ కథ చెప్పి, ఓర్పు ఉన్నవాడే పైకి వస్తాడని చివర గట్టిగా పలికేవాణ్ణి. నేను ఉద్యోగ విరమణ చేసిన తర్వాత, 2018లో, వేరే పరిశోధకులు అన్ని రకాల ఇళ్లకు చెందిన 900 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించారు. చిన్నప్పుడు ఆగగలగడానికీ, తర్వాత చదువులో మెరుగ్గా ఉండడానికీ మధ్య సంబంధం వారి లెక్కలో సుమారు సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితులు, తల్లి చదువు వంటివి లెక్కలోకి తీసుకుంటే మిగిలిన దానిలోనూ చాలా భాగం కరిగిపోయింది.

ఈ మాట మీ అమ్మ ఒక సదస్సులో విని వచ్చి నాకు చెప్పింది. ఆ రాత్రి నాకు గుర్తొచ్చినవారు మిషెల్ గారు కాదు, నా తరగతిలో వెనక బల్లల మీద కూర్చున్న పిల్లలు. వారిలో సెలవు రోజుల్లో కూలికి వెళ్లి, ఆ డబ్బుతో ఫీజు కట్టుకున్నవారు ఉండేవారు. ఈరోజు కంచంలో ఉన్నది రేపటికి ఉంటుందన్న నమ్మకం లేని ఇంట్లో, ఉన్నప్పుడే తినడం ఓర్పు లేకపోవడం కాదు, అది బతకడం తెలియడం. అన్నేళ్లు వారి ముఖాలు చూస్తూ నేను వేరే మాట చెప్పాను. అందుకే, పాఠం చెప్పేవారు గిన్నె పట్టుకొని వీధిలోకి వెళ్లడం సరదా కాదనీ, అది పిల్లల పట్ల బాధ్యత అనీ నేను నమ్ముతాను.

పుస్తకాలు చదివితే చాలదా అని బుజ్జి అడుగుతాడు. పుస్తకం తప్పకుండా కావాలి. అయితే పెరుగు తోడుపెట్టడం గురించి ఎంత చదివినా గిన్నెలో పాలు పాలుగానే ఉంటాయి, ఎవరో ఒకరి గిన్నెలోంచి ఆ చెంచాడు వచ్చి పడాలి. పాలు కూడా సరిగ్గా ఉండాలి. మరీ వేడిగా ఉంటే విరిగిపోతాయి, మరీ చల్లగా ఉంటే తోడుకోవు. నాకన్నీ తెలుసని కుతకుతలాడుతూ వెళ్లినవారికీ, సర్టిఫికెట్టు చేతికి వస్తే చాలునని మధ్యాహ్నం భోజనం కాగానే బస్సెక్కేవారికీ సదస్సులో ఏమీ దొరకదు. గోరువెచ్చని మనసుతో వెళ్లాలి.

ఈ అలవాటు మన విద్యలో పాతదే. మనస్తత్వ శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సదస్సు 1889లో పారిస్‌లో, ఈఫిల్ టవరు కొత్తగా లేచిన ఆ వేసవిలోనే జరిగింది. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ వస్తే, 1924కల్లా దేశం మొత్తానికీ ఒక సంఘం ఏర్పడింది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1929లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సు. కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ గారు తన ఎనభయ్యో ఏట సముద్రం దాటి ఆ సదస్సుకు వచ్చారు. సైకాలజీ విద్యార్థుల కోసం సై కై అనే సంఘం పుట్టింది కూడా అక్కడే. తాత వయసువారూ మనవల వయసువారూ అలా ఒకే చోట కలిశారు.

మీ అమ్మ ఇద్దరు విద్యార్థులను వెంట తీసుకువెళ్లిందని నాన్నగారు చెప్పారు. వాళ్లు తాము చేసిన చిన్న పరిశోధనను పెద్ద కాగితం మీద అచ్చువేయించి, దాన్ని అక్కడ గోడకు తగిలించి పక్కనే నిలబడతారు. అటువైపు వచ్చిన పెద్దలు ఆగి, "ఎంతమందిని అడిగారు? ఈ ప్రశ్ననే ఎందుకు ఎంచుకున్నారు?" అని అడుగుతారు. మొదటిసారి గొంతు తడారిపోతుంది. నాలుగోసారికి, తాము చేసిన పని తమకే కొత్తగా అర్థమవుతుంది. మీ అమ్మ కూడా ఒకప్పుడు అలా చెమటలు పట్టి నిలబడినదే.

1987 నుంచి మన విశ్వవిద్యాలయాలలో అధ్యాపకుల కోసం శిక్షణ తరగతులు నడిచేవి. అలాంటి మూడు వారాల తరగతులకు నేనూ ఒకసారి వెళ్లాను. హాస్టల్లో నా పక్క మంచం మీది అధ్యాపకుడు ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు నాకు ఒక ఆట నేర్పాడు. 1959లో జేమ్స్ డీస్ అనే శాస్త్రవేత్త గమనించినదీ, 1995లో మరో ఇద్దరు మళ్లీ చేసి చూపినదీ ఆ ఆటే. ఆ చెంచాడు తోడు ఇప్పుడు మీ గిన్నెలో వేస్తున్నాను.

ఈ మాటలను నాన్నగారికీ, పక్కింటివారికీ ఒక్కొక్కటిగా, నెమ్మదిగా చదివి వినిపించండి: మంచం, పరుపు, దిండు, దుప్పటి, అలసట, కల, ఆవులింత, గురక, రాత్రి, జోలపాట, కునుకు, మెలకువ. తర్వాత రెండు నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, గుర్తున్నవన్నీ కాగితం మీద రాయమనండి. ఎంతమంది "నిద్ర" అని రాశారో చూడండి. ఆ మాట మీరు చదవనే లేదు. అయినా విన్నామని ఒట్టువేసి చెప్పేవారు ఉంటారు. చెప్పని మాట మనసులోకి ఎలా వచ్చి కూర్చుందో వివరించే సిద్ధాంతాలు ఉన్నాయి గానీ, అవి ఇప్పుడు వద్దు. ముందు మీ కళ్లతో చూడండి. ఎవరినీ చూసి నవ్వకండి. కాగితాల వెనుక పేర్లు రాసి, కవరులో పెట్టి, ఆదివారం అమ్మ రాగానే ఆమె చేతికి ఇవ్వండి. ఆమె సంచిలోంచి ఏం తీసి చూపిస్తుందో నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య