గోరుముక్క, ఎర్ర గీత

ఉదయగిరి

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నోడికి తాత దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో నా కాలి బొటనవేలి గోరు చూసి బుజ్జమ్మ అడిగింది గదా, "తాతా, గోటికి బూజు పట్టిందో లేదో చెప్పే, కరోనా టెస్టు లాంటి పట్టీ ఉందంట, ఆ గీత ఎట్లా పడుతుంది?" అని. ఉందమ్మా. జపాన్‌లో డాక్టర్లు వాడుతున్నారు. గోరు గీకిన పొడిని మందునీళ్ళలో కలిపి పట్టీ ముంచుతారు.

మన జోడిపి గొర్రె తెలుసు గదా, తెల్లటి ఒళ్ళు, కళ్ళకు మూతికి కాటుక పెట్టినట్టు నలుపు. గోరు తినే బూజు ఆ జోడిపి అనుకోండి. పట్టీ ఒక సన్నటి డొంక. డొంక మొదట్లో ఎర్ర తువ్వాళ్ళు కట్టుకున్న కుర్రాళ్ళు బోలెడుమంది, వాళ్ళే పట్టీలోని రంగు రేణువులు. జోడిపి పిల్ల కనపడితేనే చంకనేసుకుంటారు. మొదటి మలుపులో కాపరి ఉంటాడు. ఆయన ఆపేదీ జోడిపినే. పిల్ల ఆగితే దాన్ని ఎత్తుకున్నవాడూ ఆగిపోతాడు. అట్లా గుంపు చేరితే కొండ మీంచి చూసేవాళ్ళకు ఎర్ర గీత! పిల్ల దొరకనివాళ్ళు ముందుకు పోతారు. రెండో మలుపులో వాళ్ళను అవ్వ ఆపుతుంది. అక్కడ ఎరుపు లేదంటే డొంకలో ఎవరూ నడవనట్టే, ఆ పరీక్ష చెల్లదు. పల్ల, డోర లాంటి వేరే రకం గొర్రెలు పోతే కాపరి తలెత్తడు. అట్లాగే కాండిడా లాంటి వేరే జాతి బూజు ఈ పట్టీకి చిక్కదు.

నా పదేళ్ళప్పుడు గొర్రెల వెంట పరిగెత్తి ఈ వేలు రాయికి కొట్టుకున్నాను. గోరు నల్లబడి, తర్వాత పచ్చగా దళసరిగా వచ్చింది. ఊళ్ళో అందరూ తామర, అంటే బూజు జబ్బు, అన్నారు. మా అమ్మ ఏడాదిపాటు రోజూ రాత్రి కిరసనాయిలు దీపం ముందు నా కాలు ఒళ్ళో పెట్టుకుని తామర మందు రాసింది. చాలా ఏళ్ళకు ఒక డాక్టరమ్మ గోరు ముక్కను మైక్రోస్కోప్ కింద చూపించి, మూడు నాలుగు వారాలు ల్యాబ్‌లో పెంచి చూపించి, బూజే లేదు, పాత దెబ్బ అంది. అమ్మ పడ్డ ఆ కష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పాడైన గోళ్ళలో దాదాపు సగం బూజువి కావు. సోరియాసిస్ అనే చర్మం జబ్బు వల్లా, చెప్పు ఒత్తిడి వల్లా గూడా ఇట్లాగే అవుతాయి. నిజంగా బూజైతే దాన్ని చంపే టెర్బినాఫిన్ మాత్రలు కాలిగోటికి 12 వారాలు మింగాలి, కాలేయం మీద ఒక కన్నేసి ఉంచాలి. అందుకే చూపుతో తేల్చేయకూడదు నాయనా, ముందు పరీక్ష.

మందుకు బూజు చచ్చినా కొత్త గోరు రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఎందుకో మీరే చూడండి. ఆషాఢంలో గోరింటాకు చేతిగోళ్ళకూ కాలిగోళ్ళకూ ఒకే రోజు పెట్టుకోండి. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది, కాలిగోరు అందులో సగం. వినాయక చవితి నాటికి ఏ ఎరుపు ఎక్కడుందో కొలిచి నాకు రాయండి.

మీ తాత