నిద్రపోయే చెట్టుకు నీళ్లెందుకు?

అమెరికాలో ఫీనిక్స్ నుంచి డిసెంబర్లో మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, దేవగన్నేరు ఆకులన్నీ రాల్చేసింది. చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా" అంది. ఆకులు రాలాయంటే నాకేం భయం వెయ్యలేదు. రోజూ నీళ్లు పోస్తున్నానంటేనే వేసింది.

తిరుపతిలో మా పెరటి దేవగన్నేరూ ఏటా బోడిగా నిలబడుతుంది, దుప్పి కొమ్ముల్లాగా. గుళ్లల్లో చూసీ చూసీ మన చెట్టే అనుకుంటాం గానీ దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. 17వ శతాబ్దంలో ఆ దీవులు తిరిగిన ఫ్రెంచి సన్యాసి ప్లూమియే పేరు మీదే దాన్ని 'ప్లుమేరియా' అన్నారు. అక్కడ వానల్లేని నెలలు ఎక్కువ. అందుకని ఆకులు వదిలేసి, లావాటి కొమ్మల్లో నీళ్లు దాచుకుని నిద్రపోవడం నేర్చింది. కరువు కోసం నేర్చిన ఆ విద్యే ఫీనిక్స్ చలిలోనూ అక్కరకొస్తుంది.

తెలుగులో పొగమంచూ మంచే, గడ్డకట్టిందీ మంచే. రెండోదానితో తిరుపతిలో మనకు పని పడదు. ఫీనిక్స్‌లో ఒక్కో రాత్రి పడుతుంది. ఎడారి ఆకాశంలో మబ్బూ తేమా తక్కువ కాబట్టి నేల వేడి నేరుగా పైకి పోతుంది. గాలి 2, 3 డిగ్రీల దగ్గరే ఉన్నా ఆకు సున్నాకు దిగిపోవచ్చు. అప్పుడు ముందు కణాల బయటి నీరు గడ్డకడుతుంది. ఆ గడ్డ కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. చుట్టూ మంచున్నా కణం ఎండి చస్తుంది. ఒక రకంగా ఇదీ కరువే.

ఆకులు లేని చెట్టు నీళ్లు తాగదు. చల్లటి తడి మట్టిలో వేర్లు కుళ్లుతాయి, ఆ కుళ్లు కొమ్మల్లోకి ఎక్కుతుంది. నీళ్లు ఆపెయ్యమన్నాను. కుండీని పగలంతా ఎండ తగిలే గోడ పక్కకు జరపమన్నాను, రాత్రికి ఆ గోడే కాస్త వేడి ఇస్తుంది. మరీ చలిగా ఉంటే పాత నూలు దుప్పటి నేల దాకా కప్పి, పొద్దున్నే తియ్యాలి. దీపావళి సీరియల్ బల్బులు చుట్టినా మేలే, కాకపోతే పాత రకానివి. ఎల్‌ఈడీలకు అంత వేడి ఉండదు.

తురాయి కూడా పెడతానంది. అది మడగాస్కర్ చెట్టు, లేత మొక్కకు మంచు తగిలితే అంతే. దేవగన్నేరునైతే కుండీతో సహా ఇంట్లోకి మోసుకోవచ్చు. తురాయిని ఎక్కడికి మోస్తాం?

ఫిబ్రవరిలో ఒక కొమ్మ నొక్కితే మెత్తగా ఉందట. తెల్లటి పాలు కారే గట్టి భాగం వచ్చేదాకా కోసెయ్యమన్నాను. మార్చిలో మిగతా కొమ్మల చివర పచ్చటి మొనలు వచ్చాయి.

"ఇప్పుడు పొయ్యొచ్చా నాన్నా?"

"అరచేతంత ఆకు రానీ."