మాకా, పీసీయా? సర్వీస్ బెంచీ దగ్గర రోజూ వినే అపోహలు - వాస్తవాలు

విజయవాడలో కంప్యూటర్ల అమ్మకం, సర్వీసు మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది ముందే ఒక నిర్ణయంతో వస్తారు. "మాక్ అయితే తిరుగుండదండీ" అని కొందరు, "అంత డబ్బెందుకండీ, అసెంబుల్డ్ చాలు" అని కొందరు. ఎందుకని అడిగితే చెప్పే కారణాలు మాత్రం ఎక్కడో విన్నవే. మాక్ చేసే యాపిల్, పీసీ మొదలుపెట్టిన ఐబీఎం, విండోస్ ఇచ్చే మైక్రోసాఫ్ట్ - ఈ కంపెనీల చరిత్ర కాస్త తెలిస్తే మన డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం సులువవుతుందని నా నమ్మకం.

అపోహ: పీసీ మంచి మెషిన్ కాబట్టే ప్రపంచమంతా నిండింది.

వాస్తవం: 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. ఇంటెల్ 8088 చిప్, 4.77 మెగాహెర్ట్జ్ వేగం, ప్రారంభ ధర 1,565 డాలర్లు. ఆ రోజుల లెక్కలో కూడా అదేమంత అద్భుతం కాదు. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందం ఏడాదిలో దాన్ని పూర్తి చేయాల్సి వచ్చింది. అన్నీ సొంతంగా తయారు చేసుకునే తీరిక లేక చిప్ ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నారు. అప్పటికి మైక్రోసాఫ్ట్ దగ్గరా అది లేదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ రాసిన సిస్టమ్ హక్కులు కొని, ఐబీఎంకి సరిపోయేలా దిద్ది ఇచ్చింది. అదే సాఫ్ట్‌వేర్‌ని వేరే కంపెనీలకీ అమ్ముకునే హక్కు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. మైక్రోసాఫ్ట్ తలరాత మారింది అక్కడే.

ఇంకో సంగతి. ఐబీఎం తన పీసీ సర్క్యూట్ల వివరాలన్నీ, బయోస్ (స్విచ్ వేయగానే మెషిన్‌ని లేపే, చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాము) కోడ్‌తో సహా, మాన్యువల్‌గా అచ్చు వేసి అమ్మింది. బయోస్‌కి కాపీరైట్ ఉంది కాబట్టి దాన్ని దించుకోవడం కుదరదు. హ్యూస్టన్‌లో కొత్తగా పెట్టిన కాంపాక్ దీనికో దారి వెతికింది. కొందరు ఇంజనీర్లు ఐబీఎం బయోస్ చదివి, అది ఏ పని చేస్తుందో మాత్రం కాగితం మీద పెట్టారు. ఆ కోడ్‌ని కంటితో కూడా చూడని వేరే ఇంజనీర్లు ఆ కాగితాల్ని బట్టి కొత్త బయోస్ రాశారు. 1983లో కాంపాక్ పోర్టబుల్ మార్కెట్లోకి వచ్చింది. 1984 నుంచి ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయోస్‌నే ఇతర తయారీదారులకు లైసెన్సు మీద ఇవ్వసాగింది. ఇక ఎవరైనా పీసీ కట్టొచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో మదర్‌బోర్డు, పక్క షాపులో ర్యామ్ కొని బిగించుకునే అసెంబుల్డ్ సిస్టమ్‌కి మూలం అదే. నేను అన్నం తింటున్నదీ ఆ బయోస్ పుణ్యానే.

1987లో ఐబీఎం పీఎస్/2 మోడళ్ళు తెచ్చి, కార్డులు బిగించే స్లాట్‌నే మార్చేసింది. వాడుకోవాలంటే లైసెన్సు డబ్బు కట్టమంది. కాంపాక్ సహా తొమ్మిది కంపెనీలు కలిసి మరుసటి ఏడాదే తమ సొంత స్లాట్ ప్రకటించాయి. 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకి అమ్మేసి తప్పుకుంది. మెషిన్ గొప్పతనమే గెలిపించేదైతే, 1985లోనే రంగుల బొమ్మలు, స్టీరియో సౌండు, ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపిన కమొడోర్ అమిగా ఇవాళ మన బల్లల మీద ఉండాలి. ఆ కంపెనీ 1994లో దివాలా తీసింది.

అపోహ: విండోస్ మొత్తం యాపిల్ దగ్గర కొట్టేసిందే. యాపిల్ కూడా జిరాక్స్ దగ్గర కొట్టేసింది.

వాస్తవం: గొడవంతా మౌస్‌తో, బొమ్మలు నొక్కి నడిపే స్క్రీన్ గురించి. దాని మీద పని చేసిన తన పరిశోధన కేంద్రాన్ని జిరాక్స్ 1979లో యాపిల్ వాళ్ళకి ఊరికే చూపించలేదు. అప్పటికింకా స్టాక్ మార్కెట్‌కి రాని యాపిల్‌లో లక్ష షేర్లు పది లక్షల డాలర్లకి కొనుక్కునే అవకాశం అందుకు బదులుగా పొందింది. విండోస్ సంగతి కూడా ఇలాంటిదే. 1985లో యాపిల్ తన స్క్రీన్ హంగులు కొన్నిటిని వాడుకోవడానికి మైక్రోసాఫ్ట్‌కి లైసెన్సు రాసిచ్చింది. 1988లో యాపిల్ కేసు వేస్తే, అది ఎత్తిచూపిన 189 అంశాల్లో 179 ఆ లైసెన్సు కిందికే వస్తాయని కోర్టు తేల్చింది. 1994లో అప్పీలు కూడా పోయింది. సంతకం పెట్టే ముందు కాగితం చదవాలని మా నాన్న చెప్పేవారు. ఈ కేసు చదివినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

అపోహ: 1997లో మైక్రోసాఫ్ట్ యాపిల్‌ని కొనేసింది.

వాస్తవం: కొనలేదు. 15 కోట్ల డాలర్లు పెట్టి ఓటు హక్కు లేని షేర్లు తీసుకుంది. నా దృష్టిలో ఆ డబ్బు కంటే అదే ఒప్పందంలోని ఇంకో మాట విలువైనది: మాక్‌కి ఐదేళ్ళపాటు తన ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఇస్తూనే ఉంటామన్న హామీ. వర్డ్, ఎక్సెల్ లేని మెషిన్‌ని ఆఫీసులు కొనవు. ఎక్సెల్ 1985లో మొదట వచ్చింది మాక్ మీదే, విండోస్‌కి వచ్చింది రెండేళ్ళ తర్వాత.

అపోహ: మాక్‌కి వైరస్ రాదు.

వాస్తవం: వస్తుంది. ఎల్క్ క్లోనర్ అనే వైరస్ 1982లోనే, మాక్ కంటే ముందు యాపిల్ అమ్మిన యాపిల్ టూ కంప్యూటర్ ఫ్లాపీల మీద పాకింది. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే హానికర ప్రోగ్రాము ఆరు లక్షలకు పైగా మాక్‌లకు అంటుకుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఏ మెషిన్‌కైనా టెన్షన్ తప్పదు.

అపోహ: మాక్‌లో తెలుగు రాదు.

వాస్తవం: దీని మీద కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డీటీపీ (అచ్చుకి కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) చేసేవాళ్ళు దీనివల్లే నష్టపోతున్నారు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ 1985లో పుట్టింది మాక్ మీద. మన ప్రింటింగ్ షాపుల్లో మాత్రం అది విండోస్ మీద, అను ఫాంట్లతో నడిచింది. మన ఆపరేటర్లకి "యాపిల్ కీబోర్డు" అంటే అను స్క్రిప్ట్ మేనేజర్‌లో ఉండే ఒక టైపింగ్ లేఅవుట్, అదీ విండోస్ మీదే. అను ఫాంటులో కొట్టిన మేటర్ యూనికోడ్ (అన్ని మెషిన్లూ ఒకేలా గుర్తించే అక్షరాల కోడ్) కాదు. ఆ ఫాంటు లేని మెషిన్‌లో తెరిస్తే, అది మాక్ అయినా, కొత్త విండోస్ ల్యాప్‌టాప్ అయినా, పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. అది చూసి మాక్‌ని తప్పుపడతారు. పాత ఫైళ్ళని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుంటే ఎక్కడైనా చదువుకోవచ్చు.

యాపిల్ తెలుగు విషయంలో తప్పే చేయలేదనీ అనను. 2018 ఫిబ్రవరిలో, జ్ఞా అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో, మాక్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన లిపిని అన్ని రూపాల్లోనూ పరీక్షించి చూడాలన్న శ్రద్ధ ముందే ఉండి ఉంటే అది బయటికి వచ్చేది కాదు.

అపోహ: మాక్ కొని అందులో విండోస్ వేసుకుంటే రెండూ ఉన్నట్టే.

వాస్తవం: 2006 నుంచి ఇంటెల్ చిప్‌తో వచ్చిన మాక్‌లలో బూట్ క్యాంప్ అనే యాపిల్ సాఫ్ట్‌వేర్‌తో అది కుదిరేది. 2020 నవంబరులో వచ్చిన యాపిల్ సొంత చిప్ ఎం1 నుంచి బూట్ క్యాంప్ లేదు. ఈ చిప్‌లు ఆర్మ్ అనే వేరే రకానివి. ఇప్పుడు ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుని, దాని లోపల విండోస్ ఆర్మ్ వెర్షన్ నడపాలి. మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి. పాత ప్రింటర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, తాళంచెవిలా గుచ్చే డాంగిల్ ఉంటేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్లు మొరాయించొచ్చు, వాటిని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము ఆర్మ్‌కి రాసి ఉండకపోతే. టాలీ, జీఎస్టీ పని చేసుకునే అకౌంటెంట్లు మాక్ అడిగితే నేను ముందు వాళ్ళ టోకెన్, డాంగిల్ షాపుకి తెమ్మంటాను. మాక్‌కి గుచ్చి, వాళ్ళ ఎదుటే ఒక ఇన్వాయిస్ కొట్టి, ఒక సంతకం పెట్టించి చూస్తాం. బిల్లు రాసేది ఆ తర్వాతే.