సాలూరు నమ్మిన లారీ, శ్రీకాకుళం నమ్మని కారు

పదేళ్ల కిందటి దాకా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో సొంతానికి కారు కొనుక్కునే ఉద్యోగి టాటా షోరూం మెట్లెక్కడం అరుదు. టాటా కారంటే ట్యాక్సీ. పసుపు ప్లేటుకి ఇండికా, తెల్ల ప్లేటుకి మారుతీ లేదా హ్యుందాయ్, అంతే లెక్క. ఇప్పుడు అదే ఉద్యోగి లోను కాగితాలు చేతపట్టుకుని పంచ్, నెక్సాన్ ధరలు అడుగుతున్నాడు. మధ్యలో ఏం జరిగిందో చూడాలంటే ముందు లారీ దగ్గరకు వెళ్లాలి.

జంషెడ్‌పూర్‌లో 1945లో పుట్టి, తర్వాత టాటా మోటార్స్‌గా పేరు మార్చుకున్న టెల్కో, 1954లో జర్మనీకి చెందిన మెర్సిడెస్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, లారీ మాత్రం నిలబడింది. పాత విజయనగరం జిల్లాలో సాలూరు లారీల ఊరు. విశాఖ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో, సుంకి ఘాటీ మొదలయ్యే ముందు వచ్చే పెద్ద ఊరు అదే. ఘాటీలో లోడుతో వెళ్లేవాడికి బండి చెడిపోకూడదన్న ఆశ పెద్దగా ఉండదు. చెడితే అక్కడే బాగుపడాలి, అదే కావాలి. డీజిల్ లైనులోకి గాలి చేరిందా, ఫిల్టరు మీది బ్లీడింగ్ నట్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా డీజిల్ కారనిచ్చి బిగిస్తే బండి అందుకుంటుంది. బరువు మోసే కమాన్ కట్టలో (స్ప్రింగు పట్టీల కట్టలో) పట్టీ విరిగిందా, దగ్గర్లోని షెడ్డులో ఇంకో పట్టీ వేయించుకుని కదలొచ్చు. ఏ ఊళ్లో అడిగినా సామాను దొరుకుతుంది, ఏ మెకానిక్‌కైనా ఆ ఇంజను తెలుసు. టాటా మీద నమ్మకం అంటే ఇదీ.

ఈ నమ్మకంతోనే టెల్కో ఒకసారి విదేశీ కంపెనీలను నిలువరించింది కూడా. 1980ల నడుమ చిన్న లారీల్లోకి జపాన్ కంపెనీలు ఒక్కుమ్మడిగా వచ్చాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, వాటితోపాటు మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. నున్నగా, చప్పుడు తక్కువగా ఉండే బండ్లు. 1986లో టెల్కో 407ను దింపింది. జపాన్ బండ్లంత నాజూకు కాదుగానీ ఓవర్‌లోడుకి, మట్టి రోడ్డుకి తట్టుకుంది. చివరికి మార్కెట్టు దానిదే అయింది. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది, డీసీఎం టయోటా దేవూ అయింది.

ఆ గెలుపే తర్వాత దారి తప్పించిందని మా అభిప్రాయం. లారీ కొనేవాడికీ కారు కొనేవాడికీ పోలిక లేదు. లారీవాడికి సీటు కింద పానాలు ఉంటాయి. కారువాడు బానెట్టు ఎత్తడు, ఎత్తాల్సి రావడమే అతనికి అవమానం. 1983 డిసెంబరులో సుజుకి సాయంతో వచ్చిన మారుతీ 800 మన మధ్యతరగతికి అలవాటు చేసింది అదే: తాళం తిప్పితే స్టార్టవ్వాలి, ఆయిలు మార్పిస్తే చాలు, ఇంకేమీ అడగకూడదు.

టెల్కో 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో తెచ్చింది. మొదటి రెండూ మన జిల్లాల్లో ఎక్కువగా కనపడలేదు. సుమో మాత్రం పాలకొండ, సీతంపేట, పార్వతీపురం వైపు జనాన్ని ఎక్కించుకుని తిరిగింది. అది నిజానికి లారీ స్వభావమున్న బండి. ఛాసిస్ వేరు, బాడీ వేరు. వెనక కమాన్ కట్టలు. ఏజెన్సీ రోడ్డుకి అది సరిపోయింది కాబట్టి కంపెనీకి తన పద్ధతి మీద అనుమానం రాలేదు.

1998 డిసెంబరు 30న ఇండికా వచ్చింది. రతన్ టాటా పెట్టిన లక్ష్యం అందరికీ తెలిసిందే: మారుతీ జెన్ సైజు, అంబాసిడర్ లోపలి చోటు, మారుతీ 800కి దగ్గరి ధర, డీజిల్ పొదుపు. ఆస్ట్రేలియాలో నిస్సాన్ మూసేసిన ఫ్యాక్టరీని విప్పి ఓడల్లో తెచ్చి పుణెలో బిగించారు. డిజైన్ ఇటలీలోని ట్యూరిన్ సంస్థ గీసింది. ఇంజను 1405 సీసీ డీజిల్, సొంతం. వారం తిరక్కుండా లక్షా పదిహేను వేల బుకింగులు, అదీ పూర్తి డబ్బు కట్టినవి. అదే ఏడాది సెప్టెంబరులో కొరియా నుంచి హ్యుందాయ్ శాంత్రో వచ్చింది. మూడు నెలల తేడాతో దిగిన ఈ రెండు కార్లలో ఒకటి ఇళ్ల ముందు నిలబడింది, రెండోది ట్యాక్సీ స్టాండులో.

బండ్లు చేతికందాక ఫిర్యాదులు మొదలయ్యాయి. చప్పుడు, అదురు, టైర్ల అరుగుదల, బెల్టులు. వీటిలో ఏదీ పెద్ద జబ్బు కాదు, అన్నీ రబ్బరు, బేరింగు, బిగింపు స్థాయిలోవే. చక్రాన్ని బండికి కలిపి ఉంచే కింది ఆర్మ్ బుష్‌లో రబ్బరు సడలితే చక్రం నిలిచే కోణం మారుతుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా బండి కదలగానే కోణం మళ్లీ తప్పుతుంది కనుక టైరు లోపలి అంచు గొరిగినట్టు అరుగుతుంది. యజమాని టైరు కంపెనీని తిడతాడు, తప్పు బుష్‌ది. ఇంజను కూర్చునే రబ్బరు మౌంటు గట్టిగా ఉంటే స్టీరింగు దాకా అదురు వస్తుంది, మెత్తగా ఉంటే తొందరగా చినుగుతుంది. లారీలో ఇలాంటి తేడా ఎవరికీ పట్టదు. కారులో అద్దం కూర్చునే గాడి నుంచి డోరు సందు దాకా ప్రతిదీ కళ్ల ముందే ఉంటుంది. సుజుకీ హ్యుందాయ్‌లు కారుతోపాటు విడిభాగాలు చేసే తమ సప్లయర్లను కూడా వెంట తెచ్చుకున్నాయి. టెల్కో ఆ పనిని తయారీ సాగుతుండగా నేర్చుకోవాల్సి వచ్చింది, ఫీజు కట్టింది మొదటి కొనుగోలుదారులు.

2000-01లో టెల్కోకి 500 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. లారీల మార్కెట్టు కూడా పడిపోయిన కాలం అది, నష్టమంతా ఇండికా ఖాతాలో రాయడం న్యాయం కాదు. 2001లో లోపాలు సరిచేసి ఇండికా వీ2 తెచ్చారు. అది నిజంగా మంచి బండి. డీజిల్ ఖర్చు లెక్క చూసుకునే ట్యాక్సీ యజమానులు దాన్నే ఎంచుకున్నారు. విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం దాకా కొన్నేళ్లు ఇండికా, ఇండిగోలదే రాజ్యం.

అదే ఉచ్చు అయింది. ట్యాక్సీ బండి రోజంతా తిరుగుతుంది, డ్రైవరు మారుతుంటాడు, మరమ్మతు ఎంత వాయిదా పడితే అంత లాభం. ఈ ఇంజనుకి టైమింగ్ బెల్టు ఉంటుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు బెల్టు, దానితోపాటు బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు మార్చాలి. బెల్టు ఒక్కటే మార్చి బేరింగు వదిలేస్తే, బేరింగు పట్టేసి కొత్త బెల్టును తెంపుతుంది. తెగిన క్షణంలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి, హెడ్డు దింపక తప్పదు. ఇంకోటి, కూలెంటు బదులు బోరు నీళ్లు. ఆ నీళ్లలోని ఉప్పు రేడియేటరు గొట్టాల్లో పేరుకుంటుంది. వేడి పెరిగి గ్యాస్కెట్ కొట్టేస్తుంది. రోడ్డు పక్కన బానెట్టు ఎత్తి పొగలు కక్కుతున్న ఇండికా ఎన్‌హెచ్-16 మీద మామూలు దృశ్యం. తప్పు నీళ్లదే అయినా పేరు పోయింది టాటాదే. చూసిన ప్రతివాడూ సొంత కారు కొనేటప్పుడు దాన్ని గుర్తు పెట్టుకున్నాడు.

2008లో రెండు పెద్ద వార్తలు. ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు టాటా మోటార్స్ కొంది. ఆ ఏడాది జనవరి 10న లక్ష రూపాయల నానోను చూపించింది. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూముల గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సానంద్‌కి మారింది. ఇంజినీరింగ్‌గా నానో చక్కని పని. వెనక 624 సీసీ రెండు సిలిండర్ల ఇంజను, చక్రానికి మూడేసి నట్లు, ముందు ఒకటే వైపరు, పెట్రోలు పోయడానికి ముందు బానెట్టు ఎత్తాలి, మొదటి మోడళ్లలో వెనక డిక్కీ తలుపు తెరుచుకోదు. కొన్ని బండ్లు కాలిపోయిన సంఘటనల తర్వాత 2010 నవంబరులో ఎగ్జాస్టు, ఎలక్ట్రికల్ భాగాలకు ఉచితంగా అదనపు రక్షణ అమరుస్తామని కంపెనీ ప్రకటించింది. రీకాల్ అనే మాట వాడలేదు. ఆ నెలలో దేశమంతా అమ్ముడైనవి 509 నానోలు. ఏడాదికి రెండున్నర లక్షల బండ్లు చేయగల ఫ్యాక్టరీకి ఆ అంకె ఏమాత్రం? అందరికంటే చవక అని ప్రచారం కావడమే దెబ్బ తీసిందని రతన్ టాటాయే తర్వాత చెప్పారు. పెళ్లికి కట్నంగా ఇచ్చే వస్తువు చవకదని పేరు పడితే మన జిల్లాల్లో దాన్ని ఎవరు అడుగుతారు, అల్లుడు ముందు ఒప్పుకోవద్దూ.

2013లో కంపెనీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించింది. ఆ పని నడిపించిన ఎండీ కార్ల్ స్లిమ్ 2014 జనవరిలో బ్యాంకాక్‌లో చనిపోయారు. ఆ ఏడాదే జెస్ట్, 2015లో బోల్ట్ వచ్చాయి. రెండూ బాగానే ఉన్నాయి, కానీ చూపులకి ఇండికా కుటుంబమే. జనం మళ్లీ ట్యాక్సీ అనుకున్నారు. 2016 ఏప్రిల్లో వచ్చిన టియాగోతో ఆ ముఖం మారింది. దానికి మొదట పెట్టిన పేరు జికా, అదే పేరున్న వైరస్ వల్ల చివరి నిమిషంలో మార్చుకోవాల్సి వచ్చింది. 2017 సెప్టెంబరులో నెక్సాన్. 209 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉండటంతో పల్లెల్లో స్పీడు బ్రేకరు మీద కింద తగలకుండా పోతుంది. నెక్సాన్ పునాది మాత్రం ఇండికా వంశం నుంచే, చాలా మార్పులతో వచ్చింది. అంటే లోపం పునాదిలో కంటే, దాని మీద కట్టిన పనితనంలో ఉందన్న మాట.

అసలు మలుపు క్రాష్ టెస్టు. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు చిన్న కార్లను గుద్దించి చూస్తే, ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10, ఫిగో, పోలో, నానో అన్నిటికీ సున్నా స్టార్లే. విదేశీ కంపెనీలు తమ దేశాల్లో అమ్మే బండికీ ఇక్కడ అమ్మే బండికీ తేడా చూపిస్తున్నాయని అప్పుడు బయటపడింది. వాళ్లు వదిలేసిన ఖాళీ అది, టాటా అందులోకి దూరింది. ఈ టెస్టులో గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారు ముందు భాగంలో 40 శాతం వెడల్పు మాత్రమే ఒక అడ్డుకి తగిలేలా గుద్దిస్తారు. ఎదురుగా వచ్చే బండి సగం తగిలినట్టు. తాకిడి అంతా ఒక పక్కకే పడుతుంది కనుక స్తంభాలు, పాదాల దగ్గరి రేకు బలహీనంగా ఉంటే వెంటనే తెలిసిపోతుంది. 2018 ఆగస్టులో నెక్సాన్‌కి నాలుగు స్టార్లు వచ్చాయి. ఐదో స్టారుకి పక్క నుంచి గుద్దే పరీక్ష కూడా పాస్ కావాలి, సీటు బెల్టు గుర్తుచేసే అలారం ఇద్దరికీ ఉండాలి. డిసెంబరులో అవి సరిచేసుకుని పెద్దల భద్రతలో 17కి 16.06 మార్కులు తెచ్చుకుంది. ఇక్కడ తయారై ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి కారు అదే. ఆల్ట్రోజ్, పంచ్ ఆ వరసలో వచ్చాయి.

ఎన్‌హెచ్-16 పక్కన బతికేవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దడం, సర్వీసు రోడ్డు నుంచి బైకు అడ్డంగా రావడం మనకు తెలిసినవే. అయితే ఒక మాట. ఐదు స్టార్లు బెల్టు పెట్టుకున్నవాళ్లకే. బెల్టు లేకుండా ముందుకు ఎగిరినవాడికి ఎయిర్‌బ్యాగు రక్షణ కావాల్సింది పోయి దెబ్బ అవుతుంది.

అంకెలు చూడండి. 2019-20లో కార్ల మార్కెట్టులో టాటా వాటా 5 శాతం లోపు. 2022-23కి 13 శాతం దాటింది. 2024లో దేశంలో ఎక్కువ అమ్ముడైన కారు పంచ్, అంతకుముందు నలభై ఏళ్లుగా ఆ స్థానం మారుతీదే. జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది, ఆ కంపెనీ సానంద్ ఫ్యాక్టరీని టాటాయే కొంది. 2025 అక్టోబరులో లారీల వ్యాపారం, కార్ల వ్యాపారం రెండు కంపెనీలుగా వేరుపడ్డాయి.

సర్వీసు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పాత టాటాకి సుగుణం, ఎక్కడైనా బాగుపడటం. కొత్త టాటాలో అది పోయింది. పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 నిబంధన ప్రకారం చేసిన డీజిల్ నెక్సాన్ తీసుకోండి. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్ని కాల్చుకోవాలంటే ఎగ్జాస్టు బాగా వేడెక్కాలి. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి, అక్కడ నుంచి ఇంటికి, ఇలా రోజూ పది నిమిషాలు తిరిగే బండిలో ఆ వేడి రాదు. మసి నిండి లైటు వెలుగుతుంది. లైటు వెలిగిన వెంటనే హైవే ఎక్కి, గేరు ఒకటి తక్కువలో పెట్టి ఇంజను నిమిషానికి రెండు వేల తిరుగుళ్లకు పైన ఉండేలా ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితే చాలావరకు తనంతట తనే కాలుతుంది. వారాల తరబడి పట్టించుకోకపోతే స్కానరు పెట్టి కాల్పించాలి, అదీ కుదరకపోతే ఫిల్టరే మార్చాలి. రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాళ్లు పెట్రోలే కొనుక్కోవడం మేలు.

స్కానరు లేనిదే లోపం ఏదో తెలియని బండికి పలాస, రాజాం, పాలకొండ షెడ్డుల్లో చేయగలిగింది తక్కువ. మారుతీకి ఆయిల్ ఫిల్టరు, క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడు చిన్న ఊళ్లో కూడా దొరుకుతాయి. టాటా సెన్సరు ఒకటి పోతే జాబు కార్డు, ఫొటోలు, కంపెనీ అనుమతి, గోడౌను నుంచి పార్సిలు, ఈ వరస అంతా అయ్యేదాకా బండి వర్క్‌షాపులోనే. ఎలక్ట్రిక్ నెక్సాన్ అయితే నారింజ రంగు తీగల్లో హై వోల్టేజీ ఉంటుంది, బయట మెకానిక్ చెయ్యి పెట్టకూడదు కూడా. సముద్రం పక్క బారువ, కళింగపట్నం, భావనపాడు ఊళ్లలో ఉప్పు గాలి కనెక్టర్ల పిన్నులను తినేస్తుంది. డ్యాష్‌బోర్డులో ఊరికే లైట్లు వెలగడానికి చాలాసార్లు కారణం ఇదే, పిన్ను శుభ్రం చేస్తే పోతుంది. వర్క్‌షాపులో ఓపిక లేనివాడు మాడ్యూలే (ఆ ఎలక్ట్రానిక్ పెట్టె మొత్తం) మార్చేస్తాడు.

2020 తర్వాత జోరుగా అమ్ముడైన బండ్లు ఒక్కొక్కటిగా వారంటీ దాటుతున్నాయి. ఇన్నాళ్లూ కంపెనీ ఖర్చుతో మారిన మాడ్యూలుకి ఇక యజమాని జేబులోంచి కట్టాలి. పొడిగించిన వారంటీ తీసుకునేటప్పుడు ఎలక్ట్రానిక్ భాగాలు, ఇన్ఫోటైన్‌మెంట్ తెర అందులో ఉన్నాయో లేదో కాగితం మీద చదివి చూసుకోవాలి. వాడిన కార్ల బేరగాళ్లు కూడా ఇప్పుడు నెక్సాన్ చూడగానే స్టార్ల గురించి అడగడం మానేశారు. సర్వీసు రికార్డు ఎక్కడిది, వారంటీ ఎన్ని నెలలుంది అని అడిగి, ఆ జవాబును బట్టి ధర చెబుతున్నారు.