పొర లేని బిందువుకు పొరతో పనేంటి?

దసరా వచ్చిందంటే ధర్మాబాద్‌లో మా ఇంట్లో అన్నీ సోయా మాటలే. గింజలో తేమ ఎంతుంది, నాందేడ్‌లో రేటు ఎంత పలుకుతోంది, ఇవే. ల్యాబ్‌లో నేను పనిచేసేదీ సోయాతోనే, కాకపోతే అందులోని గ్లైసినిన్ అనే ప్రోటీన్‌తో. ఈసారి సెలవులకు వెళ్తే బీఎస్సీ చదివే మా అక్క కొడుకు, కణంలో ప్రోటీన్లు గుమికూడి ద్రవపు చుక్కల్లా మారే బిందువుల మీద రాసుకున్న నోట్సు తెచ్చి, "మామా, ఇది కరెక్టేనా?" అన్నాడు. అందులో ఉన్న అపోహలూ, విద్యార్థుల దగ్గర నేను తరచూ వినేవీ కలిపి రాస్తున్నాను.

అపోహ: కణంలోని ప్రోటీన్ బిందువుల చుట్టూ పొర ఉండదు. కాబట్టి పొరలతో వాటికి సంబంధం లేదు.

వాస్తవం: మొదటి వాక్యం నిజమే. కణకేంద్రకంలో ఉండే న్యూక్లియోలస్‌కు పొర లేదు, కణం ఒత్తిడికి గురైనప్పుడు పుట్టే స్ట్రెస్ గ్రాన్యూల్స్‌కూ లేదు. 2009లో బ్రాంగ్విన్, హైమన్ అనే శాస్త్రవేత్తల బృందం ఒక సన్నటి పురుగు పిండంలో పి-గ్రాన్యూల్స్ అనే బిందువులు ద్రవపు చుక్కల్లా జారడం, ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం చూపించింది. ఈ రంగం ఊపందుకున్నది అక్కడి నుంచే. తప్పంతా రెండో వాక్యంలో ఉంది. చాలామంది ఈ బిందువును తామరాకు మీద నీటిబొట్టులా ఊహించుకుంటారు. కానీ కణం నిండా పొరలే. నరాల చివర్లలో సినాప్సిన్ అనే ప్రోటీన్ బిందువుగా మారి, పొర ఉన్న చిన్న చిన్న తిత్తులను తనలో గుంపుగా పట్టి ఉంచగలదని 2018లో తేలింది.

సోయా ప్రోటీన్‌తో ఇది కళ్లారా చూడొచ్చు. గ్లైసినిన్ కరిగిన నీళ్లలో ఉప్పు మరీ తక్కువగా ఉంటే ద్రావణం తేటగా ఉంటుంది. కొంచెం పెంచగానే పల్చటి మజ్జిగలా తెల్లబడుతుంది, అంటే బిందువులు పుట్టాయన్నమాట. ఇంకా బాగా పెంచితే మళ్లీ తేట. ఆ తెల్లటి నీళ్లను, కణపు పొరలాంటి కొవ్వు పొరతో చేసిన బుడగల దగ్గరికి చేర్చి మైక్రోస్కోప్‌లో చూడాలి. ఉప్పు తక్కువ వైపు ఉన్నప్పుడు బిందువు బుడగకు తగిలినా అంటుకోదు. కాస్త పెంచితే అతుక్కుని ఒక కోణంలో నిలబడుతుంది. ఇంకొంచెం పెంచితే పొర మీద పూర్తిగా పరుచుకుంటుంది. ప్రోటీన్ అదే, పొర అదే, మారింది ఉప్పు ఒక్కటే. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థలో రుమియానా దిమోవా బృందం 2023లో దీన్ని వివరంగా ప్రచురించింది.

అపోహ: పొర గోడ లాంటిది. బిందువు వచ్చి దానికి ఆనుకుంటుంది, అంతే.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే పొరపాటు ఇదే, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో గీసే రెండు గట్టి గీతల బొమ్మే దీన్ని నేర్పుతోంది. తామరాకు పోలిక సరిపోనిది కూడా ఇక్కడే. బొట్టు పడితే ఆకు ముడతలు పడదు. కొవ్వు పొర మందం సుమారు 5 నానోమీటర్లే, పైగా అది వంగుతుంది. బుడగ వదులుగా ఉంటే బిందువు తాకినచోట పొర వేళ్లలా ముడుచుకుని బిందువులోకి చొచ్చుకుపోతుంది. పొరను బిగుతుగా లాగితే ఆ ముడతలు సర్దుకుంటాయి. విత్తనాల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క పిండాల్లో, నిల్వ ప్రోటీన్ బిందువులు రిక్తిక (కణంలోని నిల్వ సంచి) పొరకు లోపలి వైపు నుంచి అతుక్కుని, దాన్ని వంచి, దాని ఆకారాన్నే మార్చేస్తాయని 2021లో చూపించారు.

అపోహ: ఇవి నూనె చుక్కలే.

కావు. కణంలోని కొవ్వు చుక్క లోపల కొవ్వు, పైన ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు అణువుల ఒంటి వరుస తొడుగు. ప్రోటీన్ బిందువులో నీళ్లు బోలెడు, తొడుగు ఉండదు. దాని తలతన్యత కూడా నీటితో పోలిస్తే చాలా తక్కువ.

అపోహ: బిందువు కనిపిస్తే జబ్బే.

కాదు, ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి కణాల్లోనూ న్యూక్లియోలస్ ఉంటుంది. టెన్షన్ పడాల్సింది ద్రవంగా ఉండాల్సిన బిందువు గట్టిపడినప్పుడు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో ముడిపడిన ఎఫ్‌యూఎస్ ప్రోటీన్ బిందువులు కాలంతో పాటు బిగిసిపోతాయని 2015లో చూపించారు.

చివరిది మా అమ్మ అడిగింది: "సోయా తింటే ఆ చుక్కలు మన ఒంట్లోకి వస్తాయా?" రావమ్మా. కడుపులో, పేగుల్లో అరిగేటప్పుడు గ్లైసినిన్ అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా తెగిపోతుంది. మన కణాల్లోని బిందువులు మన కణాలు సొంతంగా చేసుకున్న ప్రోటీన్లవే.