ఆ గ్రహం ఎక్కడికీ పోదు

గేముల్లో ప్రొసీజరల్ గెలాక్సీలకు, అంటే మనుషులు గీయకుండా ప్రోగ్రామే లెక్కకట్టి పుట్టించే గెలాక్సీలకు, కోడ్ రాయడం నా పని. "ఇప్పుడు వెళ్లిపోతే ఈ గ్రహం మళ్లీ దొరుకుతుందా అండీ?" అని అడగనివాళ్లు తక్కువ.

అపోహ: అంతా ర్యాండమ్. వదిలి వెళ్తే పోయినట్టే.

వాస్తవం: పోదు. సీడ్‌నూ (లెక్క మొదలుపెట్టే అంకె), నక్షత్రం కోఆర్డినేట్లనూ (అదెక్కడుందో చెప్పే అంకెలు) కలిపి ఒక లెక్క కడతాం. అవే అంకెలు ఇస్తే అదే గ్రహం వస్తుంది. మీరు దూరం వెళ్లగానే దాన్ని మెమరీలోంచి తీసేసే మాట నిజమే. తిరిగొస్తే అదే లెక్క మళ్లీ కడతాం, అంతే. 1984లో ఎలైట్ అనే గేమ్ 8 గెలాక్సీలను, ఒక్కోదానిలో 256 గ్రహాలను 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో చూపించింది ఈ కిటుకుతోనే.

ఒకాయనకు రెండు బిలాలు ఒకదాన్నొకటి కొరికినట్టున్న లోయ దొరికింది. పోతుందేమోనన్న టెన్షన్‌తో రాత్రిళ్లు కూడా కంప్యూటర్ ఆపేవారు కాదు. సీడ్, కోఆర్డినేట్లు అడిగి తీసుకుని నా మెషీన్‌లో కొట్టాను. అవే బిలాలు, మధ్యలో అదే సన్నటి గట్టు. స్క్రీన్‌షాట్ పంపాక గానీ ఆయన నమ్మలేదు.

అసలు భయపడాల్సింది అప్‌డేట్‌కి. సీడ్ నుంచి సంఖ్యలు ఒక వరుసలో వస్తాయి, వాటినే ఒక్కొక్కటిగా వాడుకుంటూ గ్రహాన్ని కడతాం. పర్వతాల కంటే ముందు మేఘాల కోసం కొత్తగా ఒక్క సంఖ్య వాడుకున్నా, ఆ వరుసలో తర్వాత రావాల్సినవన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి. మీ లోయ ఉండాల్సిన చోట సముద్రం రావచ్చు. దీన్ని తప్పించడానికి మేం నానా తంటాలు పడతాం, అన్నిసార్లూ కుదరదు. అందుకే సీడ్, కోఆర్డినేట్లతో పాటు వెర్షన్ నంబర్ కూడా రాసిపెట్టుకోండి. చాలామంది ఫొటో ఒక్కటి దాచుకుని, తర్వాత మా దగ్గరికొచ్చి బాధపడతారు. ఫొటో నుంచి మేమేం వెతకగలం? మీరు కట్టిన స్థావరం సంగతి వేరు, అది సేవ్ ఫైల్‌లో ఉంటుంది. దాన్ని చెరిపేస్తే స్థావరం పోతుంది, గ్రహం కాదు.

"అంతులేని గెలాక్సీ" అనేది ప్రచారం. నో మ్యాన్స్ స్కై అనే గేమ్‌లో గ్రహాలు 1,84,000 కోట్ల కోట్లకు పైనే. 64 బిట్లలో, అంటే 64 సున్నా-ఒకట్లలో, పట్టే అంకె అది. చాలా పెద్దదే, కానీ అంతుంది.

ఇక విశ్వాన్ని తెరమీద చూపించే స్పేస్‌ఇంజిన్ అనే ప్రోగ్రామ్‌లో జీవమున్న గ్రహం కనిపించిందని వార్తలా ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఒక దండం. అందులో హిప్పార్కస్ అనే నక్షత్రాల కేటలాగ్‌లోని అసలు నక్షత్రాలున్న మాట నిజమే. పేరు ఆర్ఎస్ అని మొదలైతే మాత్రం అది ప్రోగ్రామ్ పుట్టించిన నక్షత్రం. అసలు నక్షత్రాల చుట్టూ కూడా, సమాచారం లేని చోట గ్రహాలను అల్లేది ప్రోగ్రామే.