హామ్లెట్ కథ చెప్పడానికి మన మాటలు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ, పీజీ పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ పాఠం వచ్చినప్పుడల్లా ఒకటే గమనిస్తాను. పిల్లలకు కథ అర్థమవుతుంది. నోరు తెరిచి చెప్పమంటే మాత్రం గైడ్‌లో బట్టీపట్టిన నాలుగు మాటల దగ్గరే ఆగిపోతారు: రివెంజ్, డిలే, మ్యాడ్‌నెస్, ట్రాజిక్ ఫ్లా. తెలుగులో చెప్పమంటే ఒక్కోదానికి ఒక్కో మాట అప్పజెప్పి ఊరుకుంటారు. ఆ మాట కుదరనప్పుడు వాళ్లు చెప్పే కథ షేక్‌స్పియర్ రాసిన కథ కాకుండా పోతుంది. క్లాసులో నాకు తరచూ ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రివెంజ్ అంటే పగ. నాటకంలో తండ్రిని పోగొట్టుకున్న ముగ్గురు కొడుకులదీ అదే పగ.

వాస్తవం: పగ మనసులో ఉండేది. పగ పడతాం, పెంచుకుంటాం, అది రగులుతుంది, చల్లారుతుంది. పగ ఉండడమంటే పామున్న ఇంట్లో ఉన్నట్టేనని తిక్కన తన భారతంలో ధర్మరాజు చేత అనిపించాడు. ప్రతీకారం అలాంటిది కాదు, అది చేసే పని. ఒక్కోసారి లోపల మంట లేకుండానే బాధ్యతగా నెత్తిన పడుతుంది. డెన్మార్క్ యువరాజు హామ్లెట్‌కు జరిగింది ఇదే. బాబాయి క్లాడియస్ మీద అతనికి ఏవగింపు మొదటినుంచీ ఉంది, కానీ చంపాలన్న ఆలోచన అతనిది కాదు. చనిపోయిన తండ్రి రూపం కోట గోడల మీద కనిపించి, నిద్రలో ఉండగా క్లాడియస్ నా చెవిలో విషం పోసి చంపాడు, ప్రతీకారం తీర్చుకో అని ఆజ్ఞాపిస్తుంది.

లేర్టీస్ సంగతి వేరు. తన తండ్రి, రాజు సలహాదారు పొలోనియస్‌ను హామ్లెట్ చంపాడని తెలిశాక, చర్చిలోనైనా సరే వాడి గొంతు కోస్తానంటాడు. దానికి కసి అన్న మాటే సరిపోతుంది. నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ కోరేది, తన తండ్రి ద్వంద్వయుద్ధంలో ప్రాణంతో పాటు పోగొట్టుకున్న భూముల్ని. అది పంతం. బాధ్యత, కసి, పంతం అని మూడు మాటలు వాడండి, మూడు పాత్రలూ విడివిడిగా కనిపిస్తాయి. అన్నిటికీ పగ అంటే ఒకే మనిషిని మూడుసార్లు చూసినట్టు ఉంటుంది.

అపోహ: తల్లి తొందరగా రెండో పెళ్లి చేసుకుందనే హామ్లెట్ బాధంతా.

వాస్తవం: తొందర సంగతి నిజమే, తండ్రి పోయి రెండు నెలలు కూడా కాలేదు. కానీ ఇంగ్లిష్‌లో అంకుల్, బ్రదర్ అని చదివేసి ముందుకెళ్లిపోతాం కాబట్టి అసలు దెబ్బ మనకు తగలదు. తెలుగులో ఆ వరసలు పైకి చెప్పి చూడండి. తల్లి గెర్‌ట్రూడ్ పెళ్లాడింది మరిదిని. ఇప్పుడు అతని కంపరం తెలుస్తుంది. క్లాడియస్ తమ్ముడని షేక్‌స్పియర్ ఎక్కడా విడిగా చెప్పలేదు. అయినా అన్న రాజ్యం చేశాక ఇతను గద్దెనెక్కాడు కాబట్టి బాబాయి, మరిది అనుకోవడమే సహజంగా ఉంటుంది.

ప్రేతాత్మ, హామ్లెట్ ఇద్దరూ ఈ పెళ్లికి వాడే ఇన్సెస్ట్ అన్న ఇంగ్లిష్ మాటను పిల్లలు నిఘంటువులో చూసి తికమకపడతారు, రక్తసంబంధం లేదు కదా అని. వావి తప్పిన పెళ్లి అనండి, సరిపోతుంది. అన్న భార్యను పెళ్లాడడం అప్పటి ఇంగ్లండ్ చర్చి దృష్టిలో వావి తప్పడమే. ఎనిమిదో హెన్రీ తన అన్న ఆర్థర్ భార్య కేథరీన్‌ను పెళ్లాడి, చాలా ఏళ్ల తర్వాత ఆ కారణమే చూపించి 1533లో ఆ పెళ్లి చెల్లదనిపించుకున్నాడు. తర్వాతి భార్యకు పుట్టిన ఎలిజబెత్ రాణి ఏలుబడిలోనే ఈ నాటకం పుట్టింది. చూడడానికి వచ్చినవాళ్లకు ఇది రాజకీయంగా ఎంత సున్నితమైన విషయమో ఊహించుకోవచ్చు. వావి వరసలు అన్న మాట మన దగ్గర ఉండగా దాన్ని వదిలేసి ఇంగ్లిష్ మాటతో కుస్తీ పట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అపోహ: హామ్లెట్ తాత్సారం చేశాడు. పిరికివాడు, లేదా మరీ మంచివాడు.

వాస్తవం: దీని మీద నేను ఎక్కువసేపు నిలబడతాను. పరీక్షల్లో ఎక్కువగా తప్పు రాసేది ఇక్కడే.

తాత్సారం అంటే చేయగలిగిన పనిని కావాలని సాగదీయడం. అందులో నింద ఉంది. జాప్యం అంటే ఆలస్యమైందని చెప్పడం మాత్రమే. సందిగ్ధం అంటే ఏది నిజమో తేలకపోవడం. వెనకాడడం అంటే చేయి ఎత్తి ఆపుకోవడం. నాటకంలో ఇవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటిది సందిగ్ధం. వచ్చింది తండ్రి ప్రేతాత్మా, తండ్రి వేషంలో వచ్చిన సైతానా? రెండో అంకం చివర హామ్లెటే ఈ అనుమానం బయటపెడతాడు. ఆ ఆత్మ తాను పాపాలు కాలిపోయేదాకా మంటల్లో ఉంటానని చెబుతుంది. అలాంటి చోటు ఉందనే నమ్మకాన్నే అప్పటి ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ చర్చి కొట్టిపారేసింది. అందుకే ఆ అనుమానం ప్రేక్షకులకూ వింతగా ఉండదు. రుజువు కోసం అతను తండ్రి హత్యను పోలిన కథతో రాజు క్లాడియస్ ముందు నాటకంలో నాటకం ఆడిస్తాడు. దీనికి మనకు పాత మాటే ఉంది, గర్భాంకం. భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరితం ఏడో అంకంలో ఉన్నది అదే. రాజు మధ్యలో లేచి వెళ్లిపోతాడు, సందిగ్ధం తీరుతుంది.

వెంటనే ప్రార్థన సన్నివేశం. క్లాడియస్ ఒంటరిగా మోకాళ్ల మీద ఉన్నాడు. హామ్లెట్ కత్తి దూశాడు, చంపలేదు. ఎందుకని అడిగితే సగం క్లాసు "జాలిపడ్డాడు సార్" అంటుంది. ఆ మాటలు ఒకసారి చదవండి. మా నాన్నకు పాపాలు ఒప్పుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా చంపాడు, వీణ్ణి ప్రార్థనలో చంపితే స్వర్గానికి పోతాడు, తాగి ఉన్నప్పుడో జూదంలో ఉన్నప్పుడో చంపితే నరకానికి పోతాడు అంటాడు. ఇక్కడ జాలి లేదు, క్రూరత్వం ఉంది. శత్రువు శరీరం చాలదు, ఆత్మ కూడా నాశనం కావాలి. అతను వెళ్లిపోయాక క్లాడియస్ లేచి, నా మాటలే పైకి పోయాయి, మనసు కిందే ఉండిపోయింది అంటాడు. ఆ ప్రార్థన ఫలించనేలేదు. అప్పుడే చంపి ఉంటే హామ్లెట్ కోరుకున్నది జరిగేది.

ఆ తర్వాతి సన్నివేశంలోనే తల్లి గదిలో తెర వెనక గొంతు వినపడగానే ఎవరో చూడకుండా పొడిచేస్తాడు. చనిపోయింది పొలోనియస్. దీన్ని తాత్సారం అని ఎవరూ అనలేరు, ఇది దుందుడుకుతనం. ఒక్క మనిషిలో వెనకాడడం, దుందుడుకుతనం రెండూ ఉన్నాయని రాసిన విద్యార్థికి నేను ధైర్యంగా ఎక్కువ మార్కులు వేస్తాను.

అపోహ: పుర్రె చేత్తో పట్టుకుని "ఉండడమా, లేకుండా పోవడమా" అంటాడు.

వాస్తవం: అది పోస్టర్ల వల్ల వచ్చిన పొరపాటు. ఆ ప్రసంగం మూడో అంకంలోది, పుర్రె ఐదో అంకంలో శ్మశానంలోది. 1603లో అచ్చయిన మొదటి ప్రతిలో ఆ ప్రసంగం ఇంకా ముందే వస్తుంది.

దీన్ని స్వగతం అనొచ్చా? మన పద్యనాటకాల పుస్తకాల్లో "స్వగతము", "ప్రకాశముగా" అని పక్కపక్కనే ఉంటాయి. అక్కడ స్వగతం అంటే ఎదుట మనుషులుండగానే వాళ్లకు వినపడనట్టు అనుకునే మాట. హామ్లెట్ నోటి నుంచి వచ్చే మొట్టమొదటి మాట, రాజు పలకరించినప్పుడు తనలో అనుకునేది, అచ్చంగా అలాంటిదే. ఒంటరిగా నిలబడి చెప్పే పెద్ద ప్రసంగాన్ని ఏకాంత భాషణ అంటే తేడా తెలుస్తుంది. పైన చెప్పిన ప్రసంగం జరిగేటప్పుడు రాజు, పొలోనియస్ చాటున పొంచి ఉన్నారు, పొలోనియస్ కూతురు, హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా కూడా అక్కడే ఉంది. ఏకాంతమని అనుకుంటున్నది హామ్లెట్ ఒక్కడే.

అపోహ: క్లైమాక్స్ అంటే చివరి కత్తిసాము.

వాస్తవం: సినిమా భాషలో అంతే. నాటక విమర్శలో అలా వాడితే చిక్కు వస్తుంది. జర్మన్ రచయిత గుస్తాఫ్ ఫ్రైటాగ్ నాటక నిర్మాణానికి 1863లో వేసిన నమూనాలో శిఖరం మధ్యలో ఉంటుంది, అక్కడి నుంచి కథ కిందికి దిగుతుంది. మూడో అంకాన్ని మలుపు అని, ఐదో అంకాన్ని ముగింపు అని పిలిస్తే ఏ గొడవా ఉండదు. మా పిల్లలు గర్భాంకాన్ని ఇంటర్వెల్ సీన్ అంటారు. నాకు అభ్యంతరం లేదు, స్థానం సరిగ్గా పట్టుకున్నారు.

అపోహ: హామ్లెట్‌కు పిచ్చి పట్టింది.

వాస్తవం: వింతగా ప్రవర్తించబోతున్నానని మొదటి అంకంలోనే స్నేహితుడు హొరేషియోకు చెప్పాడు. అతనిది పిచ్చివేషం. మతి చలించింది ఒఫీలియాకు. హామ్లెట్‌లో వేషం ఎక్కడ ఆగి నిజం ఎక్కడ మొదలైందని వాదించుకోవచ్చు, కానీ ఇద్దరికీ ఒకే మాట వాడకూడదు.

అపోహ: ట్రాజిక్ ఫ్లా అంటే నాయకుడిలోని దుర్గుణం.

వాస్తవం: ఈ ఇంగ్లిష్ మాట వెనక ఉన్నది అరిస్టాటిల్ వాడిన గ్రీకు మాట హమార్షియా. విలువిద్యలో గురి తప్పడం అన్న అర్థం దానికి ఉంది. దుర్గుణం, లోపం అనేకంటే గురి తప్పడం అంటేనే నాకు బాగుంటుంది. ఇంకో విశేషం, చివరి పోటీకి ముందు హామ్లెట్ లేర్టీస్‌ను క్షమాపణ అడుగుతూ, ఇంటి మీదుగా బాణం వేస్తే అది నా సోదరుడికి తగిలిందనుకో అంటాడు. షేక్‌స్పియర్ అరిస్టాటిల్‌ను చదివి రాశాడని నేను అనను. ఆ పోలిక మాత్రం కథ మొత్తానికి సరిపోతుంది.

అపోహ: సారాంశం రాయాలంటే గైడ్ కావాలి.

వాస్తవం: సారాంశం నాటకంలోనే ఉంది. అందరూ పోయాక హొరేషియో, వచ్చినవాళ్లకు తాను ఏమేం చెప్పబోతున్నాడో నాలుగైదు పంక్తుల్లో వరసగా చెబుతాడు. వావి తప్పిన, నెత్తుటి, ప్రకృతి విరుద్ధమైన పనులు. అనుకోకుండా పడిన శిక్షలు, యాదృచ్ఛికంగా జరిగిన హత్యలు. పన్నాగంతో తెచ్చిపెట్టిన చావులు. చివరికి, బెడిసికొట్టి పన్నినవాళ్ల నెత్తినే పడిన ఎత్తులు. నేను ఈ మాటల్ని బోర్డు మీద రాసి, ఎదురుగా పేర్లు నింపమంటాను. పొలోనియస్ ఎక్కడికి వస్తాడు? తనను చంపమని రాజు పంపిన ఉత్తరాన్ని హామ్లెట్ మార్చి రాయడంతో ఇంగ్లండ్‌లో తల పోగొట్టుకున్న అతని పాత స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ ఎక్కడికి? విషం పూసిన తన కత్తే తనకు తగిలిన లేర్టీస్ ఎక్కడికి? ఇవి త్వరగా నిండుతాయి. క్లాడియస్ కలిపిన విషపు గిన్నె తాగిన గెర్‌ట్రూడ్ పేరు దగ్గర మాత్రం ప్రతిసారీ క్లాసు రెండుగా చీలి గంట కొట్టేదాకా వాదించుకుంటుంది.